పెర్ల్ హార్బర్ మీద జపాన్ ఎందుకు దాడి చేసింది? కారణాలు మీరే తవ్వి తీసే పద్ధతి, స్టెప్ బై స్టెప్

పెర్ల్ హార్బర్ ఎందుకు జరిగింది అని ఎవర్ని అడిగినా రెండు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. అమెరికా ఆయిల్ ఆపేసింది, అందుకే జపాన్ కొట్టింది అనేది ఒకటి. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి అంతా ముందే తెలుసు, యుద్ధంలో దిగడానికి సాకు కావాలి కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాడు అనేది ఇంకోటి. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివేవాళ్ళు మొదటి ముక్క నోట్స్‌లో రాసుకుని పేజీ తిప్పేస్తారు, యూట్యూబ్ వీడియోలు చూసేవాళ్ళు రెండోది పట్టుకుని రాత్రంతా వాదిస్తారు. మొదటిది నిజమే గానీ సగమే, రెండోది ఆధారాల ముందు నిలబడదు. అసలు కారణాల్ని ఒక వరసలో ఎలా పట్టుకోవాలో, ఎక్కడ జారిపోతామో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి, పెద్దగానే ఉంటుంది.

ముందు జరిగిందేంటో రెండు ముక్కల్లో. 1941 డిసెంబర్ 7, ఆదివారం పొద్దున్న 8 గంటలకి ఐదు నిమిషాల ముందు, హవాయి దీవుల్లోని ఓహు మీద ఉన్న అమెరికా నేవల్ బేస్ పెర్ల్ హార్బర్‌ని జపాన్ విమానాలు కొట్టాయి. ఆరు ఎయిర్‌క్రాఫ్ట్ క్యారియర్ల మీంచి 350కి పైగా విమానాలు రెండు విడతలుగా వచ్చాయి. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు, అందులో 1,177 మంది ఒక్క అరిజోనా అనే బ్యాటిల్‌షిప్‌లోనే. అక్కడున్న 8 బ్యాటిల్‌షిప్‌లకీ దెబ్బ తగిలింది, నాలుగు మునిగాయి. జపాన్ పోగొట్టుకున్నది 29 విమానాలు, ఐదు బుల్లి సబ్‌మెరీన్లు, 60 చిల్లర మంది మనుషులు. అప్పటికి ఈ రెండు దేశాల మధ్య యుద్ధం ప్రకటించి లేదు, పైగా వాషింగ్టన్‌లో చర్చలు నడుస్తున్నాయి.

సామాను ఏం కావాలంటే ఒక పసిఫిక్ మ్యాప్, ఒక పెద్ద కాగితం, పెన్సిల్. అంతే.

స్టెప్ 1: ప్రశ్నని మూడు ముక్కలు చెయ్యండి

ఇది చెయ్యకుండా ముందుకెళ్ళొద్దు. "పెర్ల్ హార్బర్‌కి కారణాలేంటి" అనేది ఒక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ అందులో మూడు ప్రశ్నలు దాక్కుని ఉన్నాయి. జపాన్ అమెరికాతో యుద్ధానికి ఎందుకు దిగింది, ఇది ఒకటి. దిగితే దిగింది, ఎక్కడో 6,000 కిలోమీటర్ల అవతల ఉన్న హవాయినే ఎందుకు కొట్టింది, ఇది రెండు. అంత పెద్ద దేశం, అంత పెద్ద నేవీ, కళ్ళు తెరుచుకుని ఉండి కూడా ఎలా దొరికిపోయింది, ఇది మూడు.

కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి మూడు గళ్ళు పెట్టుకోండి. ఏ కొత్త విషయం చదివినా ముందు ఇది ఏ గడిలోకి వెళ్తుందని అడగండి. ఆయిల్ మొదటి గడి. ఇటలీలో టారంటో మీద జరిగిన దాడి రెండో గడి. రాడార్‌లో విమానాలు కనబడినా పట్టించుకోకపోవడం మూడో గడి. ఎక్కువ వాదనలు ఎందుకు తెగవంటే ఒకాయన మొదటి గడి గురించి మాట్లాడుతుంటే ఇంకొకాయన మూడో గడిలోంచి జవాబిస్తుంటాడు.

స్టెప్ 2: మ్యాప్‌లో టోక్యోని మధ్యలో పెట్టి చూడండి

మన ఇళ్ళల్లో ఉండే ప్రపంచ పటంలో జపాన్ కుడి అంచున, అమెరికా ఎడమ అంచున ఉంటాయి, అందుకే ఈ గొడవ మన బుర్రకి సరిగ్గా ఎక్కదు. పసిఫిక్ మధ్యలో ఉండే మ్యాప్ తీసుకోండి.

ఇప్పుడు జపాన్‌కి లేనివేంటో గుర్తు పెట్టండి. ఆయిల్ లేదు, సుమారు 80 శాతం అమెరికా నుంచే కొనుక్కునేది. రబ్బరు లేదు, ఇనుప ఖనిజం చాలదు, స్టీల్ ఫ్యాక్టరీలకి పాత ఇనుము కూడా ఎక్కువగా అమెరికా నుంచే వచ్చేది. దగ్గర్లో ఆయిల్ ఎక్కడుంది? కిందకి రండి, సుమత్రా, బోర్నియో, అంటే డచ్ వాళ్ళ ఈస్ట్ ఇండీస్, ఇప్పటి ఇండోనేషియా. రబ్బరు, తగరం మలయాలో, అది బ్రిటిష్ వాళ్ళది. సుమత్రా నుంచి టోక్యోకి ఒక గీత గీయండి. ఆ గీత పక్కనే ఫిలిప్పీన్స్ కనబడుతుంది, అప్పట్లో అది అమెరికా చేతిలో ఉంది.

ఈ ఒక్క గీతతో సగం పని అయిపోతుంది. జపాన్‌కి కావాల్సింది హవాయి కాదు. కావాల్సింది దక్షిణాన ఉన్న ఆయిల్. దాని దారిలో అమెరికా జెండా ఉంది. హవాయిలో ఉన్న నేవీ వచ్చి పక్కలో పొడవకుండా ఒక ఆరు నెలలు దాన్ని కదలనివ్వకుండా చెయ్యాలి, ఆ లోపల దక్షిణమంతా మింగెయ్యాలి, తర్వాత గట్టి కంచె కట్టుకుని కూర్చుని బేరానికి పిలవాలి. ఇదీ ప్లాన్. నిజానికి మలయాలో కోటా బారు దగ్గర జపాన్ సైన్యం దిగడం పెర్ల్ హార్బర్ మీద మొదటి బాంబు పడడానికి గంటకి పైగా ముందే మొదలైంది. హవాయి దాడి పక్క కాపలా, మెయిన్ పని దక్షిణాన.

తేదీల దగ్గర ఒక జాగ్రత్త. అంతర్జాతీయ దినరేఖ అడ్డం ఉంది కాబట్టి హవాయిలో డిసెంబర్ 7 అయితే జపాన్‌లో, మలయాలో డిసెంబర్ 8. చాలామంది కోటా బారు మర్నాడు జరిగిందనుకుంటారు, కాదు.

స్టెప్ 3: టైమ్‌లైన్ 1941లో మొదలుపెట్టకండి, చైనాలో మొదలుపెట్టండి

అందరూ చేసే పొరపాటు ఇదే, ఆయిల్ ఆంక్షల నుంచి కథ మొదలుపెడతారు. అలా మొదలుపెడితే జపాన్ పాపం మూలకి నెట్టబడిన పిల్లిలా కనబడుతుంది. ఆ మూలకి అది ఎలా వచ్చిందో చూడాలంటే పదేళ్ళు వెనక్కెళ్ళాలి.

1931 సెప్టెంబర్ 18న మంచూరియాలో ముక్దెన్ దగ్గర జపాన్ సైన్యపు ఆఫీసర్లు కొందరు తమ రైలు పట్టాల దగ్గర తామే బాంబు పేల్చి, చైనా వాళ్ళు చేసారని చెప్పి మంచూరియా మొత్తం లాగేసుకున్నారు. టోక్యోలో ఉన్న ప్రభుత్వం ఆర్డర్ ఇవ్వలేదు, జరిగాక ఆపనూ లేదు, ఆపడం చేతకాలేదు. ఈ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి, స్టెప్ 5లో పనికొస్తుంది. 1933లో నానాజాతి సమితి తప్పు పట్టగానే జపాన్ అందులోంచి బయటికొచ్చేసింది.

అసలు ఇంత కక్కుర్తి ఎందుకు? 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం, అమెరికాలో జపాన్ పట్టు కొనేవాళ్ళు లేరు, పల్లెల్లో రైతు కుటుంబాలు చితికిపోయాయి, ప్రతి దేశం సుంకాల గోడ కట్టుకుంటోంది. మనకంటూ ఒక సామ్రాజ్యం ఉంటే తప్ప బతకలేం అనే మాట సైన్యంలోని యువ ఆఫీసర్లకి వేదమైంది. దానికి తోడు అవమానాలు. 1922 వాషింగ్టన్ ఒప్పందంలో పెద్ద యుద్ధనౌకలకి అమెరికా, బ్రిటన్, జపాన్‌ల వాటా 5:5:3 అన్నారు. 1924లో అమెరికా జపనీయుల వలసని చట్టం పెట్టి ఆపేసింది. ఇవి యుద్ధానికి నేరుగా కారణాలు కావు గానీ "వీళ్ళు మనల్ని ఎప్పటికీ సమానంగా చూడరు" అనే మాటకి బలమిచ్చాయి.

1937 జులై 7న బీజింగ్ దగ్గర మార్కోపోలో వంతెన కాల్పులతో చైనాతో పూర్తి యుద్ధం మొదలైంది. కొన్ని వారాల్లో ముగిస్తామన్నారు. షాంఘై పడింది, నాన్‌జింగ్ పడింది, అక్కడ జరిగిన ఘోరం ప్రపంచానికి తెలిసింది, చైనా మాత్రం లొంగలేదు. నాలుగేళ్ళు గడిచినా యుద్ధం ముగియలేదు, జపాన్ డబ్బు, మనుషులు, ఆయిల్ అందులో పోస్తూనే ఉంది. గెలవలేదు, వెనక్కి రాలేదు. నా దృష్టిలో మొదటి గడిలో పెద్ద అక్షరాలతో రాయాల్సింది ఇదే. చైనా యుద్ధం లేకపోతే ఫ్రాన్స్ వాళ్ళ ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం వైపు) జపాన్ దిగడం లేదు, అది లేకపోతే ఆయిల్ ఆంక్ష లేదు.

స్టెప్ 4: ఆయిల్ మెట్లు ఒక్కొక్కటి ఎక్కండి

ఒక్క రోజులో ఆయిల్ ఆపేసినట్టు చెప్తారు గానీ అమెరికా మెట్టు మెట్టుగా బిగించింది. జపాన్ ఒక అడుగు, అమెరికా ఒక మెలిక, ఇలా జంటలుగా రాసుకుంటే క్లియర్‌గా కనబడుతుంది.

1939 జులైలో అమెరికా, పాత వాణిజ్య ఒప్పందం రద్దు చేస్తామని నోటీసిచ్చింది, 1940 జనవరి నుంచి అది చెల్లలేదు. 1940 మేలో హాలండ్, జూన్‌లో ఫ్రాన్స్ హిట్లర్ చేతిలో పడిపోయాయి, వాళ్ళ ఆసియా వలసలకి దిక్కులేదు, జపాన్‌కి నోరూరింది. జులైలో అమెరికా విమాన పెట్రోల్ మీద కంట్రోల్ పెట్టింది. సెప్టెంబర్‌లో జపాన్ ఉత్తర ఇండోచైనాలో, అంటే ఇప్పటి వియత్నాం ఉత్తర భాగంలో దిగింది, అమెరికా పాత ఇనుము ఆపేసింది. సెప్టెంబర్ 27న జపాన్ వెళ్ళి జర్మనీ, ఇటలీలతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. అమెరికాని భయపెట్టి దూరంగా ఉంచుదామని చేసిన పని ఇది, జరిగింది మాత్రం రివర్స్, అమెరికా జనం దృష్టిలో జపాన్, హిట్లర్ ఒకే గుంపైపోయారు.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ మీద పడింది. జపాన్‌కి ఉత్తరాన రష్యా భయం తగ్గింది. దక్షిణానికి పోదాం అనుకున్నారు, జులై నెలాఖరుకి దక్షిణ ఇండోచైనాలో సైన్యం దించారు. సైగాన్ ఎయిర్‌ఫీల్డ్‌ల నుంచి మలయా, సింగపూర్ విమానాలకి అందుబాటులోకొచ్చేసాయి. జులై 26న రూజ్‌వెల్ట్ అమెరికాలో ఉన్న జపాన్ ఆస్తులన్నీ ఫ్రీజ్ చేసాడు.

ఇక్కడ ఒక ఇంట్రెస్టింగ్ పాయింట్ ఉంది. కాగితం మీద చూస్తే అది పూర్తి ఆయిల్ ఆంక్ష కాదు, లైసెన్సు తీసుకుంటే కొంత కొనుక్కోవచ్చు. కానీ కొనాలంటే డబ్బు కావాలి, డబ్బు ఫ్రీజ్‌లో ఉంది, దాన్ని విడిపించే ఫైళ్ళు కింద ఆఫీసర్ల దగ్గర ఆగిపోయాయి, డీన్ ఆచెసన్ అనే ఆయన ఆ కమిటీలో ముఖ్యుడు. ఒక్క చుక్క వెళ్ళలేదు. బ్రిటన్, డచ్ వాళ్ళు కూడా తాళం వేసారు. రూజ్‌వెల్ట్ మొదట అంత గట్టిగా బిగించాలనుకున్నాడా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, కానీ ఫలితం ఒకటే.

ఇప్పుడు లెక్క వెయ్యండి. జపాన్ దగ్గరున్న నిల్వ యుద్ధం చేస్తే ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ళు. నేవీ ఊరికే కూర్చుంటేనే గంటకి 400 టన్నులు తాగుతోందని నేవీ జనరల్ స్టాఫ్ అధిపతి నగానో మీటింగ్‌లో చెప్పాడు. దీనికి తోడు 1940 జులైలోనే అమెరికా తన నేవీని 70 శాతం పెంచే చట్టం చేసింది, ఆ నౌకలు 1943 నుంచి వరసగా నీళ్ళలోకి దిగుతాయి. అంటే జపాన్‌కి ప్రతి నెలా ఆయిల్ తరుగుతుంది, ఎదుటోడి బలం పెరుగుతుంది. చేస్తే ఇప్పుడే, లేకపోతే ఎప్పటికీ లేదు. టైమింగ్‌కి కారణం ఇది. యుద్ధానికి కారణం, యుద్ధ సమయానికి కారణం వేరువేరని ఇక్కడ రాసుకోండి, ఆయిల్ రెండోదానికి ఎక్కువ సరిపోతుంది.

స్టెప్ 5: గదిలో ఎవరున్నారో, ఎవరు నోరు తెరవలేదో చూడండి

"జపాన్ నిర్ణయించింది" అని రాయకండి. దేశం ఒక మనిషి కాదు. ఆర్మీ, నేవీ ఎవరి దారి వాళ్ళది, ప్రధాని మాట ఇద్దరూ వినరు, చక్రవర్తి పేరు మీద అన్నీ జరుగుతాయి గానీ ఆయన మామూలుగా మీటింగుల్లో మాట్లాడడు.

చైనాలోంచి సైన్యాన్ని వెనక్కి తీసుకోండి, అప్పుడు మాట్లాడదాం అనేది అమెరికా పట్టు. ఆర్మీ మంత్రి తోజో ససేమిరా అన్నాడు, అంతమంది చచ్చింది దేనికి, వెనక్కొస్తే మంచూరియా, కొరియా కూడా పోతాయి అన్నాడు. నేవీ పెద్దలకి లోపల అమెరికాతో గెలవలేమని తెలుసు. అది పైకి చెప్తే "మరి నీకిన్ని కోట్లు ఎందుకు పోసాం" అని ఆర్మీ అడుగుతుంది, బడ్జెట్ పోతుంది, పరువు పోతుంది. అక్టోబర్‌లో నేవీ మంత్రి ఒయికావా "ప్రధాని గారి ఇష్టం" అని తప్పుకున్నాడు. ప్రధాని కొనొయె రూజ్‌వెల్ట్‌ని స్వయంగా కలుద్దామని ఎంత అడిగినా వాషింగ్టన్ ఒప్పుకోలేదు, అక్టోబర్ 16న రాజీనామా చేసి వెళ్ళిపోయాడు, ఆ కుర్చీలో తోజోనే వచ్చి కూర్చున్నాడు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా గుర్తుండిపోయిన సీను 1941 సెప్టెంబర్ 5 సాయంత్రం జరిగింది. చక్రవర్తి హిరోహితో ఆర్మీ చీఫ్ సుగియామాని పిలిచి, అమెరికాతో యుద్ధం వస్తే ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగాడు. దక్షిణ పసిఫిక్ పని మూడు నెలల్లో అయిపోతుందన్నాడు సుగియామా. నువ్వే కదా చైనాది ఒక నెలలో తేలిపోతుందని చెప్పింది, నాలుగేళ్ళయింది అని చక్రవర్తి. చైనా లోపలికి చాలా విశాలమైన దేశమండీ అని సుగియామా నసిగాడు. చైనా విశాలమైతే పసిఫిక్ అంతకన్నా విశాలం కాదా, మూడు నెలలు ఏ ధైర్యంతో అంటున్నావు అని అడిగేసరికి ఆయన తల దించుకున్నాడు. మర్నాడు ఇంపీరియల్ కాన్ఫరెన్స్‌లో, అంటే చక్రవర్తి ముందు జరిగే పెద్దల సభలో, చక్రవర్తి తాత మెయిజీ శాంతి మీద రాసిన పద్యం ఒకటి చదివాడు. అందరూ భక్తిగా విన్నారు. అక్టోబర్‌లోపు చర్చలు తేలకపోతే యుద్ధం అనే తీర్మానం మాత్రం మారలేదు. ఎవరికీ ఇష్టం లేకపోయినా ఎవరూ వద్దనకపోతే ఏమవుతుందో చూడాలంటే ఈ రెండు రోజుల రికార్డు చదివితే చాలు.

ఇదే స్టెప్‌లో హల్ నోట్ సంగతి కూడా తేల్చుకోండి. నవంబర్ 26న అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ ఇచ్చిన పత్రంలో చైనా, ఇండోచైనా నుంచి మొత్తం ఖాళీ చెయ్యమని ఉంది, జపాన్ దాన్ని అల్టిమేటం అంది. దానివల్లే దాడి అని చాలాచోట్ల కనబడుతుంది. గడియారం చూడండి. జపాన్ క్యారియర్లు కురిల్ దీవుల్లోని హితోకప్పు అఖాతం నుంచి బయల్దేరింది జపాన్ టైము ప్రకారం నవంబర్ 26 తెల్లవారుజామున, అప్పటికి వాషింగ్టన్‌లో ఇంకా 25వ తేదీ సాయంత్రం. నోట్ చేతికొచ్చింది 26 సాయంత్రం, అంటే దాదాపు ఒక రోజు తర్వాత. అయితే చర్చలు కుదిరితే వెనక్కి తిరగమనే ఆర్డర్ నౌకలకి ఉంది కాబట్టి నోట్‌కి అసలు విలువే లేదని కూడా అనలేం. డిసెంబర్ 1న చివరి కాన్ఫరెన్స్‌లో యుద్ధం ఖాయమైంది, ఆ తలుపు మూయడానికి నోట్ సాయపడింది, అంతవరకే.

స్టెప్ 6: హవాయే ఎందుకు? యమమోతోని, టారంటోని పక్కపక్కన పెట్టండి

రెండో గడి ఇది. జపాన్ నేవీకి ఏళ్ళ తరబడి ఉన్న ప్లాన్ వేరు. అమెరికా నౌకాదళం ఫిలిప్పీన్స్‌ని కాపాడడానికి పసిఫిక్ దాటి వస్తుంది, దారి పొడుగునా సబ్‌మెరీన్లతో కొరుక్కుంటూ చివర్లో మన నీళ్ళలో ఒకే పెద్ద పోరులో ముంచేద్దాం, 1905లో రష్యా వాళ్ళని సుషిమా దగ్గర ముంచినట్టు. కమాండర్ యమమోతో ఇసోరొకు దీన్ని పక్కన పెట్టేసాడు. ఈయన సుషిమాలో స్వయంగా పాల్గొని రెండు వేళ్ళు పోగొట్టుకున్నవాడు, హార్వర్డ్‌లో చదివాడు, వాషింగ్టన్‌లో జపాన్ రాయబార కార్యాలయంలో నేవీ ప్రతినిధిగా చేసాడు, అమెరికా ఫ్యాక్టరీలూ ఆయిల్ బావులూ కళ్ళారా చూసాడు. జర్మనీతో ఒప్పందం వద్దని గట్టిగా చెప్పినవాడు. మొదటి ఆరు నెలలో ఏడాదో దుమ్ము దులుపుతాను, ఆ తర్వాత నాకు నమ్మకం లేదని కొనొయెతో అన్నాడు. అలాంటివాడే ఈ దాడికి తండ్రి. యుద్ధం తప్పనప్పుడు మొదటి రోజే గట్టిగా కొట్టి ఎదుటోడి గుండె జార్చాలి అనేది ఆయన లెక్క. 1904లో పోర్ట్ ఆర్థర్‌లో లంగరేసుకున్న రష్యా నౌకల మీద యుద్ధం ప్రకటించకుండా రాత్రిపూట టార్పెడోలు వదిలిన నేవీ ఇదే, కాబట్టి ఐడియా ఆకాశం నుంచి ఊడిపడలేదు.

టార్గెట్‌ని దగ్గరకి తెచ్చింది మాత్రం అమెరికానే. 1940 మే వరకు ఆ నౌకాదళం ఇల్లు కాలిఫోర్నియా తీరం. జపాన్‌ని భయపెట్టడానికి, విన్యాసాలకని హవాయి వెళ్ళిన నౌకల్ని అక్కడే ఉండిపొమ్మన్నాడు రూజ్‌వెల్ట్. అప్పటి కమాండర్ రిచర్డ్‌సన్ ఇక్కడ సదుపాయాల్లేవు, ప్రమాదం అని గొడవ పెట్టుకున్నాడు, ఆయన్ని తీసేసి 1941 ఫిబ్రవరిలో కిమ్మెల్‌ని పెట్టారు. బెదిరించడానికి ముందుకి జరిపిన కత్తి ఎదుటోడి చేతికి అందేంత దగ్గరకొచ్చింది.

తర్వాత టారంటో. 1940 నవంబర్ 11 రాత్రి బ్రిటిష్ క్యారియర్ ఇలస్ట్రియస్ నుంచి 21 పాత స్వోర్డ్‌ఫిష్ విమానాలు, రెండు రెక్కల గుడ్డ విమానాలండీ అవి, ఇటలీ రేవులో లంగరేసిన మూడు బ్యాటిల్‌షిప్‌లని టార్పెడోలతో కొట్టాయి. యమమోతో ప్లాన్ అప్పటికే బుర్రలో ఉందనేవాళ్ళున్నారు, కానీ లోతు తక్కువ రేవులో విమాన టార్పెడో పనిచేస్తుందని అందరికీ రుజువైంది ఆ రాత్రే. పెర్ల్ హార్బర్ లోతు 12 మీటర్లు. మామూలు టార్పెడో విమానం నుంచి పడగానే అంతకన్నా చాలా లోతుకి వెళ్ళి బురదలో గుచ్చుకుంటుంది. దానికి జపాన్ వాళ్ళు తోక దగ్గర చెక్క రెక్కలు బిగించి, పైలట్లని కాగోషిమా అఖాతంలో ఇళ్ళ కప్పులు తాకేంత కిందగా ఎగిరించి ప్రాక్టీస్ చేయించారు. ప్లాన్ వివరాలు గెండా మినోరువి, మొదటి విడతని నడిపింది ఫుచిదా, నౌకలన్నిటికీ పెద్ద నగుమో. టోక్యోలో నేవీ జనరల్ స్టాఫ్ ఇది జూదం అని ఒప్పుకోలేదు, ప్లాన్ ఒప్పుకోకపోతే రాజీనామా చేస్తానని యమమోతో కబురు పంపాకే దారికొచ్చారు.

మనవాళ్ళకి దీంతో సంబంధం ఏంటి అంటారేమో, చాలా ఉంది. అదే దక్షిణ ప్లాన్‌లో భాగంగా 1941 డిసెంబర్ 23న బర్మాలోని రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి, రంగం అని మనవాళ్ళు పిలిచే ఆ ఊరికి వెళ్ళి రేవులో, మిల్లుల్లో పనిచేసుకునే తెలుగువాళ్ళు వేలమంది అన్నీ వదిలేసి నడిచి, పడవలెక్కి పారిపోయి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ క్యారియర్ ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీదే బాంబులేసాయి. ర్యూజో హవాయి వెళ్ళలేదు, కానీ హవాయిలో దెబ్బతిన్న అమెరికా నౌకాదళం పక్కలోకి రాదన్న ధైర్యంతోనే జపాన్ నేవీ బంగాళాఖాతం దాకా రాగలిగింది.

స్టెప్ 7: దాడి ఎలా దొరకలేదు? "తెలుసు", "అర్థమైంది" వేరు చెయ్యండి

మూడో గడి. ఇక్కడ చాలా సమాచారం ఉంది, అదే అసలు చిక్కు.

అమెరికా జపాన్ దౌత్య కోడ్‌ని పగలగొట్టింది, దాన్ని పర్పుల్ అనేవారు. టోక్యో నుంచి వాషింగ్టన్‌లో ఉన్న రాయబారి నొమురాకి వెళ్ళే మెసేజ్‌లు చాలాసార్లు ఆయన కన్నా ముందు అమెరికన్లే చదివేవారు. కానీ ఆ మెసేజ్‌లలో ఎక్కడా పెర్ల్ హార్బర్‌ని కొడతాం అని లేదు, ఎందుకంటే రాయబారికే చెప్పలేదు. నేవీ కోడ్ అప్పటికి పనికొచ్చేంతగా పగలలేదు. సెప్టెంబర్ 24న హొనొలులు కాన్సులేట్‌కి ఒక మెసేజ్ వచ్చింది, రేవుని ఐదు భాగాలు చేసి ఏ భాగంలో ఏ నౌక ఉందో చెప్పమని. దాన్ని వాషింగ్టన్‌లో చదివారు, హవాయిలో కిమ్మెల్‌కి పంపలేదు. ఆ నౌకల్ని రోజూ లెక్కపెట్టింది యోషికావా అనే నేవీ ఆఫీసరు, కాన్సులేట్‌లో మారుపేరుతో ఉండేవాడు, కొండ మీద టీ హౌస్‌లో కూర్చుంటే రేవంతా కనబడేది, దొంగతనంగా దూరాల్సిన పనే లేదు.

నవంబర్ 27న వాషింగ్టన్ నుంచి "దీన్ని యుద్ధ హెచ్చరికగా తీసుకోండి" అని స్పష్టంగానే మెసేజ్ వచ్చింది. అందులో రాసిన టార్గెట్లు ఫిలిప్పీన్స్, థాయ్ లేదా క్రా ద్వీపకల్పం, బహుశా బోర్నియో. హవాయి పేరు లేదు. ఆర్మీ జనరల్ షార్ట్‌కి లోపలి విద్రోహులే పెద్ద భయం, అందుకని కాపలా తేలిగ్గా ఉంటుందని విమానాలన్నీ రెక్కకి రెక్క ఆనించి ఆరుబయట వరసగా పెట్టించాడు, దాడి పొద్దున్న అవి తగలబడ్డానికి ఇంతకన్నా సులువు ఉండదు. దూరం వెళ్ళి వెతికే పని నేవీ చేస్తోందని ఆర్మీ అనుకుంది, రేవుని ఆర్మీ కాపాడుతోందని నేవీ అనుకుంది.

డిసెంబర్ 2న ఇంటెలిజెన్స్ ఆఫీసర్ లేటన్ వచ్చి జపాన్ క్యారియర్లు ఎక్కడున్నాయో రేడియోలో దొరకట్లేదని చెప్పాడు. అంటే అవి ఇప్పుడు డైమండ్ హెడ్ (హొనొలులు పక్కనే ఉన్న కొండ) మలుపు తిరుగుతున్నా నీకు తెలీదంటావా అని కిమ్మెల్ అడిగాడు, నవ్వులాటగానే. ఈలోపు కనబడి ఉండాలి సార్ అన్నాడు లేటన్. అప్పటికి అవి ఓడలు తిరగని ఉత్తర పసిఫిక్ దారిలో రేడియో మూసుకుని సగం దూరం వచ్చేసాయి.

దాడి రోజు పొద్దున్నే రెండు అవకాశాలు పోయాయి. ఆరున్నర దాటాక వార్డ్ అనే డిస్ట్రాయర్ రేవు ముఖద్వారం దగ్గర ఒక బుల్లి సబ్‌మెరీన్‌ని ముంచేసి రిపోర్ట్ చేసింది, ఆ రిపోర్ట్ పైకి వెళ్తూ "కన్ఫర్మ్ చెయ్యండి" దగ్గర ఆగింది. రెండోది ఒపానా రాడార్. దీవి ఉత్తరపు కొసన ఇద్దరు కుర్రాళ్ళు, లాకార్డ్, ఎలియట్, 7 గంటలకి డ్యూటీ అయిపోయింది, టిఫిన్‌కి తీసుకెళ్ళే ట్రక్కు రాలేదు కాబట్టి ప్రాక్టీస్ చేద్దామని మిషన్ ఆపలేదు. 7:02కి తెర మీద ఎప్పుడూ చూడనంత పెద్ద గుర్తు వచ్చింది. ఫోన్ చేసారు. అవతల ఉన్న లెఫ్టినెంట్ టైలర్ ఆ డ్యూటీకి కొత్త. కాలిఫోర్నియా నుంచి బి-17 బాంబర్లు రావాలి, అవి వచ్చే రాత్రుళ్ళు స్థానిక రేడియో స్టేషన్ దారి చూపడానికి తెల్లవార్లూ పాటలు వేస్తుంది, ఆ పాటలు ఆయన వస్తూ కార్లో విన్నాడు. పట్టించుకోకండి అన్నాడు. అదే పాటల సిగ్నల్ పట్టుకుని ఫుచిదా కూడా హొనొలులు వైపు వస్తున్నాడు.

వాషింగ్టన్‌లో ఆర్మీ చీఫ్ మార్షల్ చివరి నిమిషంలో రాసిన హెచ్చరిక, మిలిటరీ రేడియో లింకు కుదరక మామూలు కమర్షియల్ టెలిగ్రామ్‌గా వెళ్ళింది, దాడి మొదలయ్యాక చేరింది. జపాన్ వైపు రాయబారి నొమురా, ప్రత్యేక దూత కురుసు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇవ్వాల్సిన 14 భాగాల పత్రం టైపింగ్ ఆలస్యమై 2:20కి ఇచ్చారు, అప్పటికి బాంబులు పడి గంటవుతోంది. అయినా సరే ఆ పత్రంలో యుద్ధం ప్రకటిస్తున్నాం అనే మాట లేదు, చర్చలు కుదరవు అని మాత్రమే ఉంది, కాబట్టి టైపిస్టు మీద తోసెయ్యడం కుదరదు.

వీటన్నిటికీ కింద ఒక నమ్మకం ఉంది, జపాన్ వాళ్ళకి అంత దమ్ము లేదు అని. 1932 ఫిబ్రవరిలో అమెరికా సొంత విన్యాసాల్లోనే అడ్మిరల్ యార్నెల్ ఈశాన్యం వైపు నుంచి క్యారియర్లతో వచ్చి, అదీ ఆదివారం తెల్లవారుజామున, పెర్ల్ హార్బర్‌ని ఉత్తుత్తిగా కొట్టి చూపించాడు. ఫైలు మూసేసారు.

స్టెప్ 8: కుట్ర థియరీని ఏం చెయ్యాలి

ఒక్కో వాదనని తీసి, దానికి ఎదురు ఆధారం ఉందా అని అడగండి. అమెరికా తన క్యారియర్లని ముందే దాచేసింది అంటారు. వాటిలో ఒకటైన ఎంటర్‌ప్రైజ్ వేక్ దీవికి ఫైటర్లు దింపి వెనక్కొస్తోంది, సముద్రం బాగోక లేటైంది, లేకపోతే దాడి సమయానికి రేవులోనే ఉండేది. రూజ్‌వెల్ట్‌కి యుద్ధం కావాలి అంటారు. ఆయనకి కావాల్సింది జర్మనీతో, జపాన్ కొడితే జర్మనీతో యుద్ధం దానంతటది రాదు. డిసెంబర్ 11న హిట్లరే తనంతట తాను అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు, అది ముందే లెక్కేసుకోవడం ఎవరి తరం కాదు. సాకే కావాలంటే ఎదురు కాల్పులు జరిపినా సాకు దొరుకుతుంది, 8 బ్యాటిల్‌షిప్‌లు బలిచ్చుకోనక్కర్లేదు.

ఇక ఆఖరి టెస్ట్, మీ కాగితం మీద మూడో గడిలో రాసిన కారణాలు సరైనవో కాదో చెప్పేది ఫిలిప్పీన్స్‌లో క్లార్క్ ఫీల్డ్. అక్కడ జనరల్ మెకార్థర్‌కి పెర్ల్ హార్బర్ వార్త కొన్ని గంటల్లోనే అందింది, యుద్ధం మొదలైందని తెలుసు, తర్వాత తన వంతే అని తెలుసు. అయినా హవాయి దాడికి సుమారు తొమ్మిది గంటల తర్వాత, పట్టపగలు మిట్టమధ్యాహ్నం, జపాన్ విమానాలు వచ్చేసరికి అమెరికా బాంబర్లూ ఫైటర్లూ నేల మీదే ఉన్నాయి, అక్కడున్న బి-17 బలగంలో సగం దాకా ఆ ఒక్క రోజే పోయింది. ఎవరో వార్త తొక్కిపెట్టారు అని మీరు రాసి ఉంటే క్లార్క్ దగ్గర ఆ కారణం పనిచెయ్యదు. ఆర్డర్ల గందరగోళం, ఎవరి పని ఎవరిదో తేలకపోవడం, ఎదుటివాణ్ణి తక్కువ అంచనా వెయ్యడం అని రాసి ఉంటే రెండుచోట్లా పనిచేస్తుంది. పనిచెయ్యనివి కొట్టేసి, మిగిలినవాటిని ఫెయిర్ చేసుకోండి.